చెవికి నిశ్శబ్దం, మాటకు స్పష్టత



చెవిలో పెట్టుకునే వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తున్నాయి. కాలేజీ పిల్లలు, ఆఫీసు మీటింగుల్లో కూర్చునేవాళ్లు, పొద్దున నడకకు వెళ్లే పెద్దవాళ్లు, అందరి దగ్గరా ఉంటున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో అమెరికా ప్రయాణానికి వరసలో నిలబడ్డవారిని చూడండి. కూతురి పురిటికి వెళ్లే అమ్మలు, మనవడి అన్నప్రాశనకు వెళ్లే తాతయ్యలు ఎందరో ఉంటారు. "నాన్నా, దూరప్రయాణం, నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి కొనుక్కోండి" అని పిల్లలు ఫోన్లో చెబుతారు. దుకాణానికి వెళ్తే పన్నెండు వందల నుంచి పాతిక వేల దాకా ధరలు, పెట్టె మీద అర్థంకాని అంకెలు. ఏది కొనాలో తేలదు.

ఈ ఎంపిక గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. విమానంలో మన చెవికి కావలసిన నిశ్శబ్దం వేరు. ఫోన్లో మాట్లాడేటప్పుడు అవతలివారికి కావలసిన స్పష్టత వేరు. ఈ రెండు పనులకూ ఇయర్‌బడ్స్ లోపలి ఏర్పాట్లు వేరువేరు. ఒకటి బాగా చేసే పరికరం రెండోది కూడా బాగా చేస్తుందని నమ్మకం లేదు. ఈ తేడా తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

మొదట విమానం సంగతి చూద్దాం. ఎత్తులో నిలకడగా ఎగురుతున్న విమానం లోపల చప్పుడు సుమారు 80 నుంచి 85 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ఇంజిన్ హోరు, బయట గాలి ఒరిపిడి, ఏసీ గాలి కలిసి ఒకే తీరుగా గంటల తరబడి చెవిలో మోగుతూ ఉంటాయి. అంత హోరులో పాట వినాలంటే దాన్ని మించి వాల్యూమ్ పెంచాలి. దిగేసరికి తల దిమ్మెక్కి ఉంటుంది.

1978లో ఈ ఇబ్బంది ఒక పెద్ద ఆలోచనకు దారి తీసింది. అమెరికాలోని ఎంఐటీలో ప్రొఫెసర్‌గా పనిచేస్తున్న అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్‌కు విమానంలో వస్తున్నారు. విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంజిన్ హోరు తప్ప సంగీతం వినపడలేదు. ఆ హోరును శబ్దంతోనే రద్దు చేయవచ్చా అని అమర్ బోస్ సీట్లో కూర్చునే లెక్కలు వేయడం మొదలుపెట్టారు. శబ్దాన్ని శబ్దంతో అణచవచ్చన్న సూత్రం అప్పటికే ఉంది. జర్మన్ శాస్త్రవేత్త పాల్ లూగ్ దానికి 1936లోనే అమెరికాలో పేటెంట్ పొందారు. అయితే దాన్ని తలకు పెట్టుకునే వస్తువుగా మలచగల ఎలక్ట్రానిక్స్ ఆ రోజుల్లో లేవు. అమర్ బోస్ కంపెనీ 1989లో పైలట్ల కోసం, 2000లో మామూలు ప్రయాణికుల కోసం ఇలాంటి హెడ్‌ఫోన్స్ తెచ్చింది. ఆ తరువాత రెండు దశాబ్దాల లోపే ఆ పరిజ్ఞానమంతా చెవి రంధ్రంలో ఇమిడే గుండీ అంత వస్తువులోకి వచ్చేసింది.

ఇది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. ఇయర్‌బడ్ బయటి వైపు ఒక మైకు, మంచి వాటిలో లోపలి వైపు ఇంకో మైకు ఉంటాయి. బయటి మైకు రాబోయే హోరును పసిగడుతుంది. లోపలి చిప్ దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని తయారుచేసి స్పీకర్ ద్వారా పంపుతుంది. ఒక తరంగం పైకి లేచే చోట రెండోది కిందికి దిగుతుంది, రెండూ కలిసి అణిగిపోతాయి. ఇంకా మిగిలిన చప్పుడును లోపలి మైకు పట్టి సరిదిద్దుతుంది. బయటి మైకు నుంచి కర్ణభేరి దాకా ఉన్న కొద్ది సెంటీమీటర్ల దూరం దాటడానికి శబ్దానికి సెకనులో వెయ్యవ వంతు కూడా పట్టదు. లెక్కంతా ఆ లోపలే పూర్తికావాలి.

దీనికి హద్దు కూడా ఇక్కడే ఉంది. 100 హెర్ట్జ్ దగ్గరి మంద్రమైన ఇంజిన్ హోరు తరంగం సుమారు మూడున్నర మీటర్ల పొడవు ఉంటుంది. నెమ్మదిగా, ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి దానికి ఎదురు తరంగం చేయడం తేలిక. 4,000 హెర్ట్జ్ దగ్గరి కీచు శబ్దం తరంగం ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. అది క్షణంలో మారిపోతుంది. అందుకే మంచి ఇయర్‌బడ్స్ పెట్టుకోగానే ఇంజిన్ హోరు ఒక్కసారిగా తగ్గిపోతుంది గానీ, వెనక సీట్లో పసిబిడ్డ ఏడుపు, పక్కవాళ్ల మాటలు, గిన్నెల చప్పుడు కొంత వినపడుతూనే ఉంటాయి. వస్తువు పాడైందని కంగారుపడకండి. దాని స్వభావమే అంత.

పెట్టె మీద 35 డెసిబెల్స్, 50 డెసిబెల్స్ తగ్గిస్తుందని పెద్ద అక్షరాలతో రాస్తారు. అది చాలాసార్లు ఏదో ఒక్క హెర్ట్జ్ స్థాయి దగ్గర, అనుకూలమైన పరీక్షలో వచ్చిన గరిష్ఠ అంకె. అన్ని రకాల చప్పుళ్లకూ అదే వర్తించదు. ఆ అంకెలను పోల్చి వస్తువు ఎంచుకోవద్దు.

మరి ఎదురు తరంగానికి లొంగని కీచు చప్పుళ్లను ఏది ఆపాలి? చెవి రంధ్రాన్ని మూసే సిలికాన్ తొడుగు ఆపాలి. చాలామంది పట్టించుకోని అతి ముఖ్యమైన భాగం ఇదే. తొడుగు చెవికి సరిపోకుండా ఎంత ఖరీదైన నాయిస్ క్యాన్సిలేషన్ పెట్టుకున్నా, కిటికీ తెరిచి ఏసీ వేసుకున్నట్టే ఉంటుంది. పెట్టెలో చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని మూడు నాలుగు కొలతల తొడుగులు ఇస్తారు. మొదట ఉన్నవాటితోనే సరిపెట్టుకోకండి, అన్నీ మార్చి చూడండి. ఎడమ చెవికి ఒక కొలత, కుడి చెవికి ఇంకో కొలత పట్టడం మామూలే. పాటలో మృదంగం, తబలా మోత పలచగా వినిపిస్తే గాలి లీకవుతోందని అర్థం. నోరు తెరిచి మూసినా, తల ఊపినా కదలకుండా, నొప్పి లేకుండా కూర్చోవాలి. కొన్ని కంపెనీల ఫోన్ యాప్‌లలో తొడుగు సరిపోయిందో లేదో చెప్పే పరీక్ష కూడా ఉంటుంది. సిలికాన్ పడనివారు మెత్తటి ఫోమ్ తొడుగులు విడిగా కొనుక్కోవచ్చు.

తొడుగే లేకుండా చెవి బయటి గిన్నెలో కూర్చునే రకాలు ఉన్నాయి. వాటిలోనూ ఇప్పుడు నాయిస్ క్యాన్సిలేషన్ వస్తోంది. చెవి మూసుకుపోయినట్టు ఉంటే భరించలేనివారికి అవి హాయిగా ఉంటాయి. అయితే విమానం హోరుకు వాటి బలం తక్కువ. తరచూ దూరప్రయాణం చేసేవారు తొడుగు ఉన్నవే తీసుకోవడం మంచిది.

ఇక బ్యాటరీ. దుకాణంలో ముప్పై గంటలు, నలభై గంటలు అని చెబుతారు. అది ఛార్జింగ్ డబ్బీతో కలిపిన లెక్క. ప్రయాణికుడు అడగవలసింది వేరు. నాయిస్ క్యాన్సిలింగ్ వేసి ఉంచితే ఒకే బిగిన ఎన్ని గంటలు వస్తుంది? ఉదాహరణకు సోనీ డబ్ల్యూఎఫ్ 1000ఎక్స్ఎం5కు కంపెనీ చెప్పే లెక్క 8 గంటలు, డబ్బీతో కలిపి 24. యాపిల్ రెండో తరం ఎయిర్‌పాడ్స్ ప్రోకు 6 గంటలు, డబ్బీతో కలిపి 30. మొత్తం అంకెలో రెండోది ముందుంది, ఒకే బిగినలో మొదటిది. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 4 గంటలు, ఏ మంచి రకమైనా సరిపోతుంది. దుబాయ్ నుంచి డల్లాస్ 16 గంటల దాకా పడుతుంది. అక్కడ మధ్యలో కనీసం ఒకటి రెండుసార్లు డబ్బీలో పెట్టి తీయాలి. భోజనం చేసేటప్పుడు, నడవడానికి లేచినప్పుడు డబ్బీలో పెట్టేయడం అలవాటు చేసుకుంటే ఇబ్బంది ఉండదు. మంచి రకాల్లో మూడు నుంచి ఐదు నిమిషాల ఛార్జింగ్‌తో గంటసేపు వినవచ్చు.

ఇయర్‌బడ్స్, వాటి డబ్బీ, పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే పెట్టుకోండి. విడిగా ఉండే లిథియం బ్యాటరీలను, పవర్ బ్యాంకులను చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు. పవర్ బ్యాంక్ 100 వాట్ అవర్స్ లోపు ఉండాలన్నది సాధారణ నియమం. మనం ఎక్కువగా కొనే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ సుమారు 74 వాట్ అవర్స్ అవుతుంది, కాబట్టి పరవాలేదు. అయితే ఎమిరేట్స్ సంస్థ 2025 అక్టోబర్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్నే ఆపేసింది. దగ్గర ఉంచుకోవచ్చు గానీ, దానితో ఛార్జింగ్ పెట్టకూడదు. అందుకే బయల్దేరే ముందే ఇంట్లో డబ్బీని పూర్తిగా ఛార్జ్ చేసుకోండి, మీరు ఎక్కే విమాన సంస్థ నియమాలు చూసుకోండి. ఇయర్‌బడ్ సీటు సందులో పడితే సీటును ముందుకీ వెనక్కీ కదపకండి. బ్యాటరీ నలిగితే పొగ, మంట రావచ్చు. సిబ్బందిని పిలవండి.

పెద్దవాళ్లకు విమానంలో ఎదురయ్యే ఇంకో చిక్కు ఎదుటి సీటు తెర. సినిమా వస్తుంది, చెవిలో ఇయర్‌బడ్స్ ఉంటాయి, రెండూ కలవవు. చాలా విమానాల్లో ఆ తెరకు వైరు దూర్చే రంధ్రమే ఉంటుంది. బ్లూటూత్‌తో కలిసే తెరలు కొన్ని కొత్త విమానాల్లోనే ఉన్నాయి. దీనికి మూడు దారులు. మొదటిది, విమానంలో ఇచ్చే వైరు హెడ్‌ఫోన్స్ వాడుకోవడం. రెండోది, ఆ రంధ్రంలో గుచ్చే చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ కొనుక్కోవడం. జేబీఎల్ టూర్ ప్రో 3 లాంటి కొన్ని రకాల్లో ఛార్జింగ్ డబ్బీయే ట్రాన్స్‌మిటర్‌గా పనిచేస్తుంది. మూడోది, అన్నిటికన్నా సులువైనది, నచ్చిన సినిమాలు, పాటలు, ప్రవచనాలు ముందే ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకోవడం. అమ్మానాన్నలను పంపే పిల్లలు ఈ పని తామే చేసి ఇస్తే వాళ్ల ప్రయాణం ఎంతో సుఖంగా సాగుతుంది.

విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు సిబ్బంది చెప్పే మాటలు వినపడాలి. అందుకు ట్రాన్స్‌పరెన్సీ అనే ఏర్పాటు ఉంటుంది. అది బయటి మాటను మైకు ద్వారా లోపలికి వినిపిస్తుంది. ఒక్క నొక్కుతో అది మారేలా ఉందో లేదో కొనేముందే చూడండి. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేయడానికి కారణం గాలి ఒత్తిడిలో మార్పు. నాయిస్ క్యాన్సిలింగ్ దాన్ని తగ్గించలేదు. ఆ కాసేపు ఇయర్‌బడ్స్ తీసేసి, గుటకలు మింగుతూ, ఆవలిస్తూ ఉంటే చెవులు విడతాయి.

ఇప్పుడు రెండో పనికి వద్దాం, అంటే ఫోన్ మాటలకు.

పెట్టెల మీద ఏఎన్‌సీ అని ఒకటి, ఈఎన్‌సీ అని ఒకటి కనిపిస్తాయి. ఒక్క అక్షరమే తేడా, కానీ పని పూర్తిగా వేరు. ఏఎన్‌సీ మీ చెవికి చప్పుడు తగ్గిస్తుంది. ఈఎన్‌సీ మీ మైకులోకి వచ్చే చప్పుడును తగ్గించి, అవతలివారికి మీ మాట వినపడేలా చేస్తుంది. తక్కువ ధరలో దొరికే చాలా ఇయర్‌బడ్స్ మీద ఈఎన్‌సీ మాత్రమే ఉంటుంది. నాయిస్ క్యాన్సిలేషన్ అన్న మాట చూసి విమానం కోసం వాటిని కొంటే ఇంజిన్ హోరు అలాగే వినిపిస్తుంది. అలాగే ఏఎన్‌సీ అద్భుతంగా ఉన్న వస్తువుతో రోడ్డు మీద మాట్లాడితే, మీకు అంతా ప్రశాంతంగా ఉంటుంది, అవతల అమ్మకు మాత్రం హారన్ మోతే వినపడవచ్చు. ఆ సంగతి మాట్లాడుతున్న మీకు తెలియను కూడా తెలియదు.

ఇయర్‌బడ్ మైకు నోటికి దూరంగా, చెవి దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి మీ మాటను మాత్రమే ఏరుకోవడం కష్టమైన పని. అందుకే మంచి రకాల్లో ఒక్కో వైపు రెండు మూడు మైకులు పెట్టి, నోటి వైపు నుంచి వచ్చే ధ్వనిని విడదీస్తారు. కొన్నిటిలో మాట్లాడేటప్పుడు దవడ ఎముకలో పుట్టే కంపనాన్ని పట్టే సెన్సర్ కూడా ఉంటుంది. గాలికి ఎముక కదలదు కాబట్టి అది గాలి వీచేచోట సాయపడుతుంది. బండి మీద, ఆటోలో, సముద్రం ఒడ్డున మైకుకు నేరుగా తగిలే గాలిని మాత్రం ఏ పరికరమూ పూర్తిగా ఆపలేదు. అలాంటిచోట ఆగి, గాలికి వీపు పెట్టి మాట్లాడటమే ఉపాయం.

పాటలు అంత బాగా వినిపించే ఇయర్‌బడ్స్‌లో ఫోన్ మాట్లాడుతుంటే గొంతు డొల్లగా ఎందుకుంటుంది? మైకు పనిలోకి దిగగానే బ్లూటూత్ రెండు వైపులా మాట మోయాలి. దాంతో పాటల మార్గం వదిలి, మాటల కోసం ఉన్న ఇరుకు మార్గంలోకి మారుతుంది. పాత పద్ధతిలో 4,000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనంతా పోతుంది. మన "స" అక్షరానికి బలం ఆ పైనే ఉంటుంది. అందుకే ఫోన్లో ఊరి పేర్లు, మనుషుల పేర్లు, మందుల పేర్లు పొరపాటుగా వినపడతాయి. ఆ తరువాత వచ్చిన పద్ధతిలో ఈ మార్గం రెండింతలు వెడల్పయింది. ఎల్ఈ ఆడియో అనే సరికొత్త పద్ధతి ఇంకా మెరుగ్గా ఉంటుంది. అయితే మీ ఫోన్, ఇయర్‌బడ్స్ రెండింటిలోనూ అది ఉండాలి. రోజంతా మీటింగుల్లో ఉండేవారు దీన్ని అడిగి కొనుక్కోవాలి. ల్యాప్‌టాప్, ఫోన్ రెండింటికీ ఒకేసారి కలిసి ఉండే మల్టీపాయింట్ సౌకర్యం కూడా వాళ్లకు చాలా అవసరం. బ్యాటరీ విషయంలోనూ జాగ్రత్త కావాలి. పాటలకు 6 గంటలు వచ్చే ఎయిర్‌పాడ్స్ ప్రో రెండో తరానికి మాటలకు కంపెనీ చెప్పేది నాలుగున్నర గంటలే.

మైకును పరీక్షించడానికి సులువైన పద్ధతి ఉంది. స్నేహితుడి ఇయర్‌బడ్స్ అయినా, కొత్తగా కొన్నవైనా పెట్టుకుని రద్దీ రోడ్డు పక్కకు వెళ్లి ఇంటికి ఫోన్ చేయండి. ఒక నిమిషం ఇయర్‌బడ్స్‌తో, ఒక నిమిషం నేరుగా ఫోన్‌తో మాట్లాడి, ఏది స్పష్టంగా ఉందని అడగండి. పది సమీక్షలు చదివినా తెలియనిది ఆ రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మాట్లాడేటప్పుడు ట్రాన్స్‌పరెన్సీ వేసుకోండి. చెవులు రెండూ మూసుకుపోతే మన గొంతు మనకు సరిగా వినపడదు, తెలియకుండానే అరుస్తాం. రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర మాత్రం ఇయర్‌బడ్స్ తీసి జేబులో వేసుకోండి. ప్రాణానికి మించిన పాటా లేదు, మాటా లేదు.

కొనేముందు మీ వాడకం తేల్చుకోండి. ఏడాదికి ఒకసారి విమానం ఎక్కి, రోజూ ఫోన్ మాట్లాడేవారు మైకు బాగున్న మధ్యరకం ధరవి తీసుకుంటే చాలు. నెలకోసారి దూరం ఎగిరేవారికి ఇరవై వేల పైచిలుకు పెట్టినా ఫలితం కనిపిస్తుంది. నిద్ర ముఖ్యమైతే ఇయర్‌బడ్స్ మేలు, పక్కకు తల వాల్చవచ్చు. చెవి లోపల ఏదీ పెట్టుకోలేనివారికి చెవిని కప్పే పెద్ద హెడ్‌ఫోన్స్ మేలు, వాటికి బ్యాటరీ కూడా చాలా ఎక్కువసేపు వస్తుంది. ఇయర్‌బడ్స్‌లోని చిన్న బ్యాటరీలు రెండు మూడేళ్లకు నీరసిస్తాయి, వాటిని మార్చడం సాధారణంగా కుదరదు. కాబట్టి ఆ లెక్కతోనే ధర పెట్టండి. చెవిలో పెట్టుకునే వస్తువును చాలాచోట్ల వెనక్కి తీసుకోరు. ఆ షరతు ముందే చదవండి, బిల్లు తీసుకోండి. ఇంటి పెద్దల కోసం కొంటే, ప్రయాణానికి ముందే ఇంట్లో వాళ్ల ఫోన్‌కు కలిపి, కాల్ ఎత్తడం, పెట్టేయడం, వాల్యూమ్ మార్చడం వాళ్లచేత చేయించి చూడండి.

చివరగా, ఈ వస్తువు చేసే అసలు మేలు గురించి. వయోజనులు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ దాకా వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. పది డెసిబెల్స్ పెరిగితే సమయం పదోవంతుకు పడిపోతుంది. హోరెత్తే విమానంలో మామూలు ఇయర్‌ఫోన్స్‌తో సినిమా చూస్తే, వారమంతటికీ సరిపడే మోతాదు ఒక్క ప్రయాణంలోనే అయిపోవచ్చు. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని కేశకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. అందుకే ఏ ఇయర్‌బడ్స్ మంచివని నన్నెవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. హోరులో కూడా వాల్యూమ్ సగం దాటకుండా హాయిగా వినగలిగితే, అవతలివారు "ఏమన్నావ్, మళ్లీ చెప్పు" అని అడగకుండా మాట్లాడగలిగితే, అవే మీకు మంచివి, ధర ఎంతైనా కానీ. వాటిని తీసేశాక కూడా చెవిలో గుయ్‌మని మోగుతుంటే, మాటలు మందంగా వినిపిస్తుంటే ఆలస్యం చేయకుండా చెవి డాక్టరుకు చూపించుకోండి.